‘ఆలోచిస్తాను’కీ ‘సరే’కీ మధ్య
(పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఒకరంటే ఒకరికి పడని పెద్ద దేశాలు అసలెందుకు మాట్లాడుకుంటాయి, ఎలా మాట్లాడుకుంటాయి అని. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. కావలిలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పాను. అమెరికా, సోవియట్ యూనియన్ నేరుగా తలపడకుండా దశాబ్దాల పాటు నడిపిన ప్రచ్ఛన్న యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా నా పీరియడ్ చాలక లెక్కల మాస్టారి పీరియడ్ కూడా అడిగి తీసుకునేదాన్ని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

మేడమ్, ఒక దేశం ప్రజాస్వామ్యం అంటుంది, ఇంకోటి ఒకే పార్టీ పాలన అంటుంది. మైకుల ముందు ఒకరినొకరు తిట్టుకుంటారు. మళ్లీ ఒకరి రాజధానిలో ఇంకొకరి ఎంబసీ ఉంటుంది, జెండా ఎగురుతుంటుంది. ఇది రెండు నాల్కల ధోరణి కాదా?
— డిగ్రీ రెండో ఏడు విద్యార్థిని, కందుకూరు

కాదమ్మా. ఎంబసీ పెట్టామంటే ‘మీ పద్ధతి మాకు నచ్చింది’ అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. ‘మీరు ఉన్నారు, మీతో మాకు పని ఉంది’ అని ఒప్పుకోవడం, అంతే. ఈ రెండింటినీ కలిపేసుకుని దేశాలే ఏళ్ల తరబడి పొరపాటు పడ్డాయి, నీకు అనుమానం రావడంలో తప్పేముంది.

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం పాత జారు చక్రవర్తి చేసిన అప్పులు కట్టనంది, మతాన్ని కాదంది, మీ దేశాల్లోనూ విప్లవం రావాలంది. అమెరికాకు ఒళ్లు మండింది. నలుగురు అధ్యక్షులు వరసగా, పదహారేళ్ల పాటు, ఆ ప్రభుత్వాన్ని గుర్తించనే లేదు. గుర్తించనంత మాత్రాన అది పోయిందా? పోలేదు, ఇంకా బలపడింది. అమెరికా కంపెనీలు మాత్రం అక్కడికి యంత్రాలు అమ్ముకుంటూనే ఉన్నాయి, ఫోర్డు కంపెనీ మోటారు కార్ల ఫ్యాక్టరీకి సాయం కూడా చేసింది. చివరికి 1933 నవంబరు 16న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, సోవియట్ విదేశాంగ మంత్రి లిట్వినోవ్ ఉత్తరాలు మార్చుకుని సంబంధాలు మొదలుపెట్టారు. రూజ్‌వెల్ట్ ఆ రోజు నుంచి కమ్యూనిస్టు అయిపోలేదు, లిట్వినోవ్ పెట్టుబడిదారూ కాలేదు. అటు తూర్పున జపాన్ చైనాకు చెందిన మంచూరియాను మింగేసింది, ఇటు ఆర్థిక మాంద్యం. ఇద్దరికీ మాట అవసరం పడింది.

చైనా విషయంలో ఇంకా ఆలస్యం. 1949లో మావో ప్రభుత్వం వస్తే అమెరికా దానితో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నది 1979 జనవరి 1న. ముప్పై ఏళ్లు! మధ్యలో కొరియాలో ఇద్దరి సైనికులూ ఎదురెదురుగా నిలబడి చచ్చిపోయారు. కానీ ఒక విషయం మన పాఠ్యపుస్తకాల్లో రాదు, ఇది గుర్తుపెట్టుకో. ఎంబసీలు లేని ఆ రోజుల్లోనే, 1955 నుంచి 1970 దాకా, రెండు దేశాల రాయబారులు ముందు జెనీవాలో, తర్వాత వార్సాలో కూర్చుని 136 సార్లు మాట్లాడుకున్నారు. చాలాసార్లు వచ్చి, ఎవరి కాగితం వాళ్లు చదివి, ఇంకో తేదీ అనుకుని వెళ్లిపోయేవాళ్లు. పైకి చూస్తే దండగ. అయినా ఆ తేదీ అనుకోవడం మానలేదు చూడు, దానికి నేను దణ్ణం పెడతాను.

మన ఇంటి సంగతే తీసుకో. భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న ఒక ఒప్పందం చేసుకున్నాయి, ఒకరి అణుకేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదని. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న ఎవరి అణుకేంద్రాల జాబితా వాళ్లు అవతలివాళ్లకు ఇస్తున్నారు. కార్గిల్ తర్వాత కూడా ఇచ్చారు, పుల్వామా తర్వాత కూడా ఇచ్చారు. మనం కొత్త సంవత్సరం కేకు కోసుకునే రోజున ఆ కాగితాలు చేతులు మారుతుంటాయి.

అధికారిక ప్రకటనలు చదివితే ఏమీ అర్థం కాదు. ‘నిష్కపటంగా చర్చించారు’, ‘వైఖరిని గమనంలోకి తీసుకున్నారు’ అని రాస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు కదా?
— విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

అయ్యా, మీ ప్రశ్నకు పెద్ద జవాబు రాస్తాను, ఓపిగ్గా చదవండి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఈ పాఠం చాలా కష్టంగా వచ్చింది.

మాది టంగుటూరు దగ్గర పల్లె. మా నాయన కాంగ్రెస్, మా పెదనాన్న ఎర్రజెండా. మా పెదనాన్న ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది. ఆ నున్నటి కాగితం మీద నాకు ఎంత ఆశో! నోటు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి పెద్దమ్మ దాచిపెట్టి ఇచ్చేది. ఆ అట్టలతో ఇంటికొస్తే నాయన ముఖం చిట్లించేవాడు. పొలాలు పంచుకున్నారు గానీ బావి మాత్రం ఉమ్మడి. 1969లో ఎన్నికల మాటల్లో మొదలైన గొడవ ఇంజను వంతు దాకా వచ్చింది, ఇద్దరికీ మాటలు పోయాయి. పక్కపక్క పొలాలు, మధ్యలో ఒక గట్టు. ఆరేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మరి నీళ్లో? నీళ్లు కావాలిగా. ఆ మాటలు మోసేది నేను.

“మీ పెదనాన్నతో చెప్పు, బుధవారం మా వంతు, ఇంజను ఖాళీ చేయమని.” గట్టు మీద పరుగెత్తేదాన్ని. పెదనాన్న బావి దగ్గర రాతి మీద కూర్చుని వినేవాడు. “మీ నాయనతో చెప్పు, చేస్తాలే గానీ డబ్బాలో డీజిలు మాది, ముట్టుకోవద్దని.” మళ్లీ పరుగు. ఆ ఏడు పొగాకు నారుమడి పోశాక నాయన నన్ను పంపాడు, మన వంతుకు ముందే ఒక్క తడి అదనంగా ఇస్తాడేమో అడుగు అని. పెదనాన్న చాలాసేపు ఊరుకుని, “ఆలోచిస్తానని చెప్పు” అన్నాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది, నన్ను చూసి నవ్వాడు కూడా. నాకు సంతోషం పొంగుకొచ్చింది. ఇంటికొచ్చి “సరేనన్నాడు నాయనా” అని చెప్పేశాను.

నాయన ఆ మాట నమ్మి నీటికి వేరే ఏర్పాటు చేసుకోలేదు. నీళ్లు రాలేదు. నాలుగో రోజుకు నారు తల వాల్చింది, ఆరో రోజుకు మడి అంచులు తెల్లగా పగిలాయి. నాయన నారుమడి దగ్గర గొంతుక్కూర్చుని ఎండిన మొక్క ఒకటి పీకి వేళ్లు చూస్తుండటం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ‘ఇస్తానని మోసం చేశాడు’ అని పెదనాన్న మీద ఉన్న కోపం రెట్టింపయింది. పెదనాన్నకు ఆ మాట ఎవరో చేరవేస్తే ‘నేనెప్పుడన్నాను ఇస్తానని’ అని ఆయన మండిపడ్డాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆడింది నేను. అది నాయనతో చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఇప్పుడు మీ ప్రకటనల దగ్గరికి వద్దాం. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు. 28న షాంఘైలో ఉమ్మడి ప్రకటన వచ్చింది. అందులో దాచకుండా రాసుకున్నారు, మా రెండు దేశాల సామాజిక వ్యవస్థల్లో, విదేశాంగ విధానాల్లో మౌలికమైన తేడాలు ఉన్నాయి అని. ఎవరి అభిప్రాయం వాళ్లు విడివిడి పేరాల్లో రాసుకున్నారు. అంత పచ్చిగా ‘మాకు పడదు’ అని రాసుకున్న స్నేహ ప్రకటన అంతకుముందు నేనెక్కడా చదవలేదు. కష్టమైంది తైవాన్ దగ్గర, చైనా తనదే అనే, కానీ విడిగా పాలించుకునే దీవి అది. జలసంధికి రెండు వైపులా ఉన్న చైనీయులందరూ చైనా ఒక్కటే, తైవాన్ అందులో భాగమే అంటున్నారనే విషయం ‘మేము ఎరుగుదుం, దాన్ని సవాలు చేయం’ అని అమెరికా రాసింది. ‘ఒప్పుకుంటున్నాం’ అని రాయలేదు. అదే మా పెదనాన్న ‘ఆలోచిస్తాను’ లాంటి మాట.

1979 ప్రకటనకు వచ్చేసరికి ఇంగ్లీషు పాఠంలో ‘ఎరుగుదుం’ అలాగే ఉంది, చైనా భాష పాఠంలో మాత్రం ‘అంగీకరిస్తున్నాం’ అనే అర్థమొచ్చే మాట పడింది. మాకు ఇంగ్లీషు పాఠమే ప్రమాణం అని అమెరికా అంటుంది. ఇన్నేళ్లుగా తైవాన్ జలసంధిలో యుద్ధనౌకలు తిరిగిన ప్రతిసారీ ఆ ఒక్క క్రియాపదం మీద వాదన నడుస్తూనే ఉంది.

ఇంకోటి చెబుతాను. 2001 ఏప్రిల్ 1న దక్షిణ చైనా సముద్రం మీద అమెరికా నిఘా విమానం ఒకటి, చైనా యుద్ధ విమానం ఒకటి గుద్దుకున్నాయి. చైనా పైలట్ వాంగ్ వేయ్ సముద్రంలో పడిపోయాడు, దొరకలేదు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండానే హైనాన్ దీవిలో దిగింది. అందులో 24 మంది. చైనా వాళ్లను ఆపేసి, క్షమాపణ చెబితేనే పంపుతామంది. అంతర్జాతీయ గగనతలంలో ఎగిరినందుకు క్షమాపణ ఏంటి, చెప్పం అంది అమెరికా. పదకొండు రోజులు. చివరికి అమెరికా రాయబారి సంతకంతో ఒక ఉత్తరం వెళ్లింది. అందులో ‘వెరీ సారీ’ రెండుసార్లు ఉంది. పైలట్ కుటుంబానికి ఒకటి, నోటిమాటగా అనుమతి లేకుండా మీ నేల మీద దిగినందుకు ఒకటి. నిఘాకు ఎగిరినందుకు మాత్రం లేదు.

మన తెలుగులో ఇవి రెండూ వేరు వేరు మాటలు. ఎవరైనా పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లి ‘చాలా బాధగా ఉందమ్మా’ అంటాం. తప్పు చేస్తే ‘క్షమించండి’ అంటాం. ఇంగ్లీషు సారీ రెండింటినీ మోస్తుంది. అమెరికా బాధ అనుకుని రాసింది, చైనా తన జనానికి క్షమాపణ అని చదివి వినిపించింది. 24 మంది ఇళ్లకు వెళ్లారు. విమానాన్ని మాత్రం ఎగరనివ్వలేదు, ముక్కలుగా విప్పి రష్యా కార్గో విమానంలో పంపించారు.

కాబట్టి ‘నిష్కపటంగా చర్చించారు’ అంటే గట్టిగా వాదించుకున్నారని చదువుకోండి. ‘ఫలవంతంగా’ అనే మాట లేదంటే ఏదీ తేలలేదని. ఆ మాటలు బండగా కనిపిస్తాయి గానీ, ఒక్కోటీ త్రాసులో తూచి వేసినవి.

టీచర్, అమెరికా ప్రెసిడెంట్ టేబుల్ మీద రష్యాకు ఫోన్ చేసే ఎర్ర ఫోన్ నిజంగా ఉందా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, కోవూరు

లేదు బాబూ! సినిమాల్లోనే. అది ఫోన్ కాదు, అసలు మొదట్లో మాట వినపడేదే కాదు. టైపు కొట్టే యంత్రం, టెలిప్రింటర్. అమెరికా వైపు యంత్రం ఉన్నది కూడా అధ్యక్షుడి టేబుల్ మీద కాదు, వాళ్ల రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్‌లో.

ఎందుకు పెట్టారో చెబుతాను. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు కనిపించాయి, పదమూడు రోజులు ప్రపంచం అణుయుద్ధం అంచున నిలబడింది. 26న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ పంపిన పొడవాటి ఉత్తరం అమెరికా అధ్యక్షుడు కెనడీ చేతికి పూర్తిగా చేరడానికి దాదాపు పన్నెండు గంటలు పట్టింది. వాషింగ్టన్‌లో సోవియట్ రాయబారి దోబ్రినిన్ అయితే మాస్కోకు రహస్య లిపిలో రాసిన టెలిగ్రాంలను సైకిల్ మీద వచ్చే టెలిగ్రాఫ్ కుర్రాడి చేతికి ఇచ్చేవాడట. ఆ కుర్రాడు దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్తే చాలు అని దేవుడా దేవుడా అనుకునేవాళ్లమని తర్వాత రాసుకున్నాడు. ఆలోచించు, ప్రపంచం బతుకు ఒక సైకిల్ మీద!

ఆ భయంతోనే 1963 జూన్ 20న ఒప్పందం రాసుకున్నారు, ఆగస్టు 30న లైను పనిచేయడం మొదలైంది. తీగ వాషింగ్టన్ నుంచి లండన్, కోపెన్‌హేగన్, స్టాక్‌హోం, హెల్సింకి మీదుగా మాస్కోకు. ఎవరి భాషలో వాళ్లు పంపాలి, అవతలివాళ్లు తర్జుమా చేసుకోవాలి. ఫోన్ ఎందుకు వద్దనుకున్నారంటే కోపంలో నోరు జారుతుంది, గొంతు విని తప్పుగా అర్థం చేసుకుంటారు. రాస్తే ఒకసారి చదువుకుని పంపుతాం. నువ్వు కూడా స్నేహితుడి మీద కోపమొచ్చినప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టకు, టైప్ చేసి, పది నిమిషాలాగి పంపు.

నాకు మూడెకరాల వెనామీ రొయ్యల గుంటలు ఉన్నాయి. 2025 ఆగస్టులో పట్టుబడి సమయానికి అమెరికా ట్యాక్స్ అని కౌంటు రేటు దించేశారు. రష్యా, అమెరికా గొడవ వల్ల అన్నారు. వాళ్ల గొడవకు నా గుంటకు ఏంటమ్మా సంబంధం?
— రొయ్యల రైతు, ఇందుకూరుపేట

సంబంధం ఉందన్నా, మీకు చెప్పినవాళ్లు నిజమే చెప్పారు. ఆ ఆగస్టులో రెండు దెబ్బలు పడ్డాయి. మన సరుకు మీద 25 శాతం సుంకం 7వ తేదీ నుంచి. అది వ్యాపారం లెక్క. దాని మీద ఇంకో 25 శాతం 27వ తేదీ నుంచి. ఈ రెండోదానికి అమెరికా రాసిన కారణం, భారత్ రష్యా చమురు కొంటోంది అని. రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధం ఆపడం లేదని దాని మీద ఒత్తిడి పెట్టాలి. నేరుగా పెడితే చాలడం లేదని రష్యా దగ్గర కొనేవాళ్ల మీద పెట్టింది. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద మార్కెట్ అమెరికా. అందుకని మాస్కో, వాషింగ్టన్ మధ్య తేలని మాట మీ గుంట గట్టు మీదికి వచ్చి కూర్చుంది. మేత బస్తాలు, ఏరియేటర్ల కరెంటు బిల్లు అప్పటికే పెట్టేసి ఉంటారు, రొయ్యను ఎక్కువ రోజులు గుంటలో ఆపలేరు. ఆ టెన్షన్ నాకు తెలుసు.

ఎలా తెలుసంటే మాది పొగాకు ఇల్లు. ఒకప్పుడు మన వర్జీనియా పొగాకును సోవియట్ యూనియన్ పెద్ద ఎత్తున కొనేది. డాలర్లతో పని లేకుండా రూపాయల్లోనే వ్యాపారం. వాళ్ల చమురు, యంత్రాలు, ఆయుధాలు మనకు, మన తేయాకు, తోలు, పొగాకు వాళ్లకు. 1991 డిసెంబరు 25న సోవియట్ అధినేత గోర్బచేవ్ రాజీనామా చేశాడు, సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. ఆ కొనేవాడు పోయాక మా ఇంటి బేళ్లు వేలంలో ‘నో బిడ్’ పడి వెనక్కి వచ్చాయి. బండి మీద నుంచి బేళ్లు దించుతుంటే గోనెపట్టా మీద సుద్దతో రాసిన అంకెలు అలాగే ఉన్నాయి, ఎవరూ కొట్టేయలేదు. ఆ రాత్రి మా పెదనాన్న అన్నం తినలేదు, ఆయన నమ్మిన రాజ్యం కూలిపోయిందని. మా నాయనకు ఆ రాజ్యం అంటే ఎన్నడూ గిట్టలేదు, ఆయనా తినలేదు.

మీరు చేయగలిగింది నా చేత చెప్పించుకుంటే, ఒక్క దేశం మీదే ఆధారపడే సరుకు ఎంతుందో మీ రైతు సంఘంలో గట్టిగా మాట్లాడండి. యూరప్, జపాన్, చైనా మార్కెట్లకు కావాల్సిన పరీక్షలు, యాంటీబయాటిక్స్ లేని సాగు, వాటి కోసం ప్రభుత్వాన్ని అడగండి. పెద్ద దేశాలు రాజీపడేదాకా గుంటలో రొయ్య ఆగదు.

గల్వాన్‌లో మన జవాన్లు చనిపోయారు. నేనూ సైన్యంలో చేసినవాణ్ణే. వాళ్లను చంపిన చైనాతో మన నాయకులు కరచాలనం చేస్తుంటే టీవీ కట్టేస్తాను. మీరేమంటారు?
— మాజీ సైనికుడు, సింగరాయకొండ

అయ్యా, మీరు టీవీ కట్టేయడంలో తప్పు లేదు. 2020 జూన్ 15 రాత్రి ఇరవై మంది పోయారు, అందులో మన తెలుగు బిడ్డ కర్నల్ సంతోష్ బాబు. ఆ కరచాలనం వాళ్ల చావును మాపేసేది అయితే నేనూ కట్టేస్తాను.

కానీ ఆ రాత్రి తర్వాత ముందు మాట్లాడుకున్నది ఎవరో మీకు తెలిసే ఉంటుంది. నాయకులు కాదు, యూనిఫాం వేసుకున్నవాళ్లే. కోర్ కమాండర్ల స్థాయిలో ఇరవైకి పైగా విడతలు కూర్చున్నారు. ఒక్కో స్థావరం, ఒక్కో గుడారం, ఎవరు ఎంత వెనక్కి జరగాలి అని. 2024 అక్టోబరులో గస్తీ మీద అవగాహన కుదిరాకే రష్యాలోని కజాన్‌లో ప్రధాని, చైనా అధ్యక్షుడు కూర్చున్నారు. మాట నాలుగేళ్లు నేల మీద నడిచాక పైకి వెళ్లింది. నాకు అది సరైన వరసే అనిపిస్తుంది.

1962 తర్వాత ఇంతకన్నా గడ్డుగా ఉండేది. యుద్ధం జరిగినా ఎంబసీలు మూయలేదు గానీ, రాయబారులు లేరు, కింది అధికారులే చూసుకునేవారు. 1970 మే డే నాడు తియానన్మెన్ దగ్గర వరసలో నిలబడ్డ దౌత్యవేత్తల్లో మన బ్రజేష్ మిశ్రా దగ్గర ఆగి మావో నవ్వుతూ చెయ్యి కలిపి, ఇలా ఎన్నాళ్లు తగువులాడుకుంటాం అన్న అర్థంలో రెండు మాటలు అన్నాడు. ఆ నవ్వును నమ్మి మనం పరుగెత్తలేదు. ఆరేళ్లు తీసుకున్నాం. 1976లో కె.ఆర్. నారాయణన్‌ను రాయబారిగా పంపాం. తర్వాత ఆయనే మన రాష్ట్రపతి అయ్యారు. కాపలా కాయడం, మాట్లాడటం రెండూ ఒకేసారి చేయాలి. మొదటిది మీరు చేశారు కాబట్టే రెండోది చేసేవాళ్లు కుర్చీలో కూర్చోగలిగారు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రష్యాలో రాయబారిగా చేశారట కదా. దేవుణ్ణి నమ్మే పండితుణ్ణి నాస్తికుల దగ్గరికి పంపడమేంటి?
— గృహిణి, వెంకటాచలం

మీరు ఆ ఊరి పక్కనుంచే రాశారు! ఆయన పుట్టింది తిరుత్తణిలో అయినా ఇంటిపేరు మన నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వెళ్లిందే. 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన రాయబారి. అంతకుముందు ఆ పదవిలో ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు సోవియట్ అధినేత స్టాలిన్ దర్శనమే ఇవ్వలేదు. ఈయన్ను మాత్రం 1950 జనవరిలో పిలిపించుకున్నాడు, 1952లో వెళ్లిపోయే ముందు ఇంకోసారి కలిశాడు. మా దేశంలో ఒక చక్రవర్తి నెత్తురు పారించి యుద్ధం గెలిచాక ఆ యుద్ధాన్నే వదిలేశాడు అని అశోకుడి కథ స్టాలిన్‌తోనే చెప్పారంటారు. ఆ గదిలో ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఊహించుకోండి.

ఆయన వెళ్లి వాళ్లను ఆస్తికులను చేయలేదు. తన నమ్మకం దాచుకోనూ లేదు. 1955కల్లా భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్‌తో ఒప్పందం అయింది, నెహ్రూ అక్కడికి వెళ్లారు, క్రుశ్చేవ్ ఇక్కడికి వచ్చాడు. అది ఆయన ఒక్కరి వల్లే అనను. కానీ తలుపు తీసి ఉంచినవాళ్లలో మన ఇంటిపేరు ఒకటుంది.

ఎంబసీ మూసేస్తే అక్కడ చిక్కుకున్నవాళ్ల గతి?
— పాఠకుడు, అల్లూరు

మూడో దేశాన్ని అడుగుతారు. ఇరాన్‌లో 1980 నుంచి అమెరికా పనులు చూసేది స్విట్జర్లాండే. 1971 యుద్ధంలో సంబంధాలు తెగాక మనకూ, పాకిస్తాన్‌కూ కూడా ఆ దేశమే మధ్యలో నిలబడింది. మా గట్టు మీద నేను చేసిన పనే అది, వాళ్లు మాత్రం మాట మార్చకుండా చేశారు.

ఒప్పందాలు రాసుకుంటారు, తర్వాత చించేస్తారు. అవతలివాణ్ణి నమ్మలేనప్పుడు సంతకం ఎందుకు?
— లారీ యజమాని, చీమకుర్తి

నమ్మలేం కాబట్టే సంతకం. నమ్మకమే ఉంటే కాగితం దేనికి?

1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ సోవియట్ యూనియన్‌ను దుష్ట సామ్రాజ్యం అన్నాడు. 1987 డిసెంబరు 8న అదే రీగన్ గోర్బచేవ్ పక్కన కూర్చుని నేల మీద నుంచి ప్రయోగించే మధ్యశ్రేణి క్షిపణులు మొత్తం తీసేసే ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నమ్ము, కానీ సరిచూసుకో అనే రష్యా సామెత నేర్చుకుని రష్యన్‌లోనే చెప్పాడు. మీరు ప్రతి మీటింగ్‌లోనూ ఇదే చెబుతారు అని గోర్బచేవ్ అంటే హాలంతా నవ్వు. కానీ నిజంగానే సరిచూసుకున్నారు. సోవియట్ ఇన్‌స్పెక్టర్లు అమెరికాలో మాగ్నా ఊళ్లో, అమెరికా ఇన్‌స్పెక్టర్లు రష్యాలో వోట్కిన్స్క్ ఊళ్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర పదమూడేళ్లు కాపురం ఉన్నారు, బయటికొచ్చే ప్రతి పెద్ద పెట్టెనూ చూస్తూ. రెండు వైపులా కలిపి 2,692 క్షిపణులు నాశనం చేశారు. 2019లో ఆ ఒప్పందం పోయింది, నాకు చాలా బాధేసింది. అయినా ముక్కలైన ఆ క్షిపణులు మళ్లీ అతుక్కోలేదు.

మా బావి సంగతి ముగించలేదు కదా. 1975లో కరణం గారు కాగితం రాశారు. సోమ, మంగళ, బుధ ఒకరికి, గురు, శుక్ర, శని ఇంకొకరికి, ఆదివారం ఇంజను ఆపాలి. బావి లోపలి గోడకు ఒక ఇటుక మీద ఎర్రరంగు గీత గీశారు, నీళ్లు అంతకన్నా కిందికి తోడకూడదు. మొదటి బుధవారం సాయంత్రం పెదనాన్న జీతగాడు వెదురు గడతో వచ్చి గీత చూసుకుని పోయాడు. నాయనకు అవమానం అనిపించింది, రాత్రంతా గొణిగాడు. శనివారం సాయంత్రం నన్ను పిలిచి చేతికి గడ ఇచ్చి, “పో, గీత చూసిరా” అన్నాడు. తర్వాత చాలా ఏళ్లు రెండు గడలూ తిరిగాయి. ఒక్కసారి కూడా గీత దాటలేదు.

మీరు ఏ పక్షం? ప్రజాస్వామ్యమా, రెండోదా?
— పేరు రాయలేదు

ప్రజాస్వామ్యమే. నా విద్యార్థులు ప్రధాన మంత్రిని క్లాసులో నిలబడి విమర్శించగలిగారు, ఆ రోజు రాత్రి వాళ్ల ఇళ్లకు ఎవరూ రాలేదు. అది లేని దేశంలో టీచరుగా నేను బతకలేను. ఆ దేశంతో మాట్లాడవద్దని మాత్రం అనను.

కందుకూరు అమ్మాయీ, నీ ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఇంకో ప్రశ్న రాశావు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరగలరా అని. చేరగలరు. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్షే రాయాలి, 21 ఏళ్లు నిండాలి. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు, అర్హతకు మాత్రం ఒక ఇంగ్లీషు పేపరు పాస్ కావాలి. ర్యాంకు వచ్చి ఆ సర్వీసు దొరికితే ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, తర్వాత ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్పిస్తారు. నీకు ఎంచుకునే వీలుంటే చైనా భాషో, రష్యనో తీసుకో. కష్టమైనవే. ‘ఎరుగుదుం’ అన్నారో ‘ఒప్పుకుంటున్నాం’ అన్నారో ఇంకొకరు చెబితే వినే అవసరం నీకు ఉండకూడదు. నా దగ్గర పాత మ్యాపులు, నోట్సు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. పత్రిక ఆఫీసుకు రాయి, కావలి వచ్చినప్పుడు తీసుకెళ్దువు గానీ.